తాడు విప్పిన కోడి

ఇందాక చిన్నోడు ఏం చేశాడో చూశారా? సంతనుంచి అమ్మమ్మ తెప్పించిన కోడిపెట్ట ఉందే, రెండు కాళ్ళూ కలిపి అరటినారతో బిగించి, సైకిలు హ్యాండిలుకి తలకిందులుగా వేలాడదీసుకుని తెచ్చిన కోడి, దాని కట్లు విప్పేశాడు. జాలేసిందట. మంచిపనే. "ఫో, ఆడుకో ఫో" అన్నాడు. కోడి కదిలితేనా! కాళ్ళు ఇంకా కట్టేసి ఉన్నట్టే దగ్గరగా పెట్టుకుని, కళ్ళు మాత్రం మిటకరిస్తూ అలాగే పడుంది. వీడు బెంబేలెత్తిపోయి నా దగ్గరకొచ్చాడు. "తాతయ్యా, దాని కాళ్ళు విరిగిపోయాయా?" అని.

విరగలేదురా. అంతసేపు బిగదీసి కట్టారు కదా, తిమ్మిరెక్కి ఉంటాయి. మీరు బాసింపట్టు వేసుక్కూర్చుని గంట తర్వాత లేవబోతే కాళ్ళు మీవి కానట్టు ఉంటాయి చూడండి, అదే. కాబట్టి దీన్ని చూపించి నేనో పెద్ద సిద్ధాంతం చెప్పబోవడం లేదు. కోడి మనసులో ఏముందో నాకేం తెలుసు. కానీ దాన్ని చూస్తే ఒక కథ గుర్తొచ్చింది. కుక్కలతో మొదలై మనుషుల దాకా వచ్చిన కథ. మీరందరూ 'బీరకాయ తాతయ్య' అని పిలుస్తారే, మా బావ, ఆయన కథ కూడా అందులో ఉంది. ఆ చాప ఇటు లాగండి. అమ్మలూ, ఆ చాటలో చిక్కుడుకాయలు కూడా పట్రా, మాట్లాడుకుంటూ ఈనెలు తీసేద్దాం.

అమెరికాలో ఫిలడెల్ఫియా అని ఒక ఊరు. అక్కడ పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఉంది. 1964లో మార్టిన్ సెలిగ్‌మన్ అనే కుర్రాడు పై చదువుకి అక్కడ చేరాడు. ఇతగాడికి పదమూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చింది. నిన్నటిదాకా ఇంటికి పెద్దదిక్కుగా తిరిగిన మనిషి మంచానికి అంటుకుపోయాడు. చెయ్యి కదపాలన్నా ఒకరు ఉండాలి. ఆ ముఖంలో కనపడిన దిగులు కొడుకు కళ్ళల్లో ఉండిపోయింది. పెద్దయ్యాక తన పుస్తకంలో రాసుకున్నాడు ఆ సంగతి. ఎందుకు చెబుతున్నానంటే, కొందరికి కొన్ని విషయాలు మిగతావాళ్ళకన్నా ముందు కనబడతాయి. ఊరికే కనబడవు. చిన్నప్పుడెక్కడో గుచ్చుకున్న ముల్లు వాటిని చూపిస్తుంది.

అక్కడ రిచర్డ్ సాలమన్ అనే ప్రొఫెసరుగారి లాబొరేటరీలో కుక్కల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. ఒక మోత వినిపించి, వెంటనే చిన్న కరెంటు షాకు ఇస్తారు. కొన్నాళ్ళకి కుక్క ఆ మోతకే భయపడటం నేర్చుకుంటుంది. తర్వాత దాన్ని రెండు గదుల పెట్టెలో పెడతారు. మధ్యన పొట్టి గోడ. ఇటు షాకు వస్తే అటు దూకేస్తే చాలు, బతికిపోతుంది. మోత వినగానే కుక్క దూకుతుందా లేదా అని చూడటం వాళ్ళ ఉద్దేశం. తీరా చూస్తే ఆ కుక్కలు మోతకే కాదు, షాకు తగిలినా దూకలేదు! కాసేపు గింజుకుని, మూలిగి, నేలకి పొట్ట ఆనించి పడుకుండిపోయాయి. ప్రయోగం పాడైందని అందరూ తలలు పట్టుకున్నారు. పాలు విరిగితే "అయ్యో" అని దొడ్లో పారబోసేవాళ్ళుంటారు. మీ అమ్మమ్మలాగా ఇంత పంచదార వేసి పొయ్యిమీద కలియబెట్టి కోవా చేసేవాళ్ళుంటారు. సెలిగ్‌మన్ ఈ రెండోరకం. "కుక్క దూకకపోవడమే అసలు విషయం, ఆ మోతా గీతా కాదు" అనుకున్నాడు. ముందు రోజుల్లో షాకు వచ్చినప్పుడు ఆ కుక్కలు ఏం చేసినా అది ఆగలేదు కదా. అరిచినా అంతే, తోక ఊపినా అంతే. ఏం చేసినా ఇంతే అని అవి నేర్చేసుకున్నాయేమో!

ఆ మాట అనుకోవడం ఒక ఎత్తు, రుజువు చెయ్యడం ఇంకో ఎత్తు. "దెబ్బలు తిని తిని డీలా పడ్డాయిలే" అని ఎవరైనా అంటే? దానికి స్టీవెన్ మేయర్ అనే తోటి విద్యార్థితో కలిసి ఒక పన్నాగం పన్నాడు. 1967లో అచ్చయింది అది. ఎంత బాగా ఆలోచించారో చూడండి, నాకు తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది. ఇరవై నాలుగు కుక్కలు, ఎనిమిదేసి చొప్పున మూడు జట్లు. ఒక్కో కుక్కని పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు గుడ్డజోలెలో వేలాడదీశారు. కాళ్ళు నాలుగూ కన్నాల్లోంచి కిందికి వేలాడుతుంటాయి. తలకి అటూ ఇటూ రెండు పలకలు. మొదటి జట్టు కుక్క షాకు తగిలినప్పుడు తలతో పలకని నొక్కితే షాకు ఆగిపోతుంది. రెండో జట్టు కుక్క కూడా నొక్కుతుంది పాపం, కానీ దాని పలక ఉత్తుత్తిది. మొదటి జట్టు కుక్కలు ఎంతసేపు షాకు భరించాయో ఇదీ అంతసేపే భరించాలి. మొత్తం 64 షాకులు. మూడో జట్టుకి షాకులే లేవు.

అర్థమైందా కిటుకు? ఒకటో జట్టుకీ రెండో జట్టుకీ దెబ్బల్లో వీసమెత్తు తేడా లేదు. తేడా అంతా ఒక్కటే, 'నేను చేస్తే ఆగింది' అన్న అనుభవం ఒకదానికుంది, రెండోదానికి లేదు. మర్నాడు అన్నిటినీ ఆ రెండు గదుల పెట్టెలో పెట్టారు. మొదటి జట్టు గోడ దూకేసింది. మూడో జట్టు కూడా దాదాపు అంతా దూకింది. రెండో జట్టులో ఎనిమిదింటికి ఆరు దూకలేదు. వాటి ముందున్న గోడ వాటి భుజమంత ఎత్తు కూడా మించదు. అయినా దూకలేదు.

ఏంటమ్మలూ, కళ్ళు తుడుచుకుంటున్నావు? నాకూ బాధే. సెలిగ్‌మన్‌కీ కుక్కలంటే ప్రాణమే, ఈ పని చెయ్యొచ్చా అని మథనపడ్డానని తనే రాశాడు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి అంత తేలిగ్గా అనుమతివ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ వాటివల్ల తెలిసింది మనుషులకి ఉపయోగపడింది కాబట్టి ఆ మూగజీవాల రుణం ఒకటి మన మీద ఉందని నేననుకుంటాను. వినేటప్పుడు ఆ గౌరవంతో వినండి.

ఆ కుక్కలు అలా దూకకుండా ఉండిపోవడానికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. పుస్తకాల మాట అది. మన ఇళ్ళల్లో దాని పేరు 'ఏం చేసినా ఇంతే'.

ఆ కుక్కల్ని అలాగే వదిలేశారా అంటే, లేదు. మరుసటి ఏడాది వాటిని బాగుచేసే దారి వెతికారు. గోడ తీసేశారు. పిలిచారు. అవతలి వైపు మాంసం ముక్కలు వేసి ఊరించారు. ఊహూ. ఆఖరికి మెడకి పొడుగాటి తాడు కట్టి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు లాగారు. మొదట్లో బియ్యం బస్తా ఈడ్చినట్టు ఈడవాల్సి వచ్చిందట. అలా పదులసార్లు, కొన్నిటికైతే అంతకన్నా చాలా ఎక్కువసార్లు. రాన్రాను తాడు బరువు తగ్గింది. ఒక దశలో చిన్నగా కదిలిస్తే చాలు. తర్వాత తాడే అక్కర్లేదు. మీ అమ్మ కొత్తలో సైకిలు తొక్కడం నేర్చుకున్నప్పుడు నేను వెనకాల సీటు పట్టుకుని పరుగెత్తాను. ఎక్కడ వదిలేశానో దానికి తెలీదు. చెరువుగట్టు దాకా వెళ్ళాక వెనక్కి తిరిగి చూసి, నేను లేనని తెలిసి, అప్పుడు పడింది! ఇక్కడ గమనించాల్సింది, చెబితే ఆ కుక్కలు మారలేదు. వాటి కాళ్ళే అవతలి వైపుకి వెళ్ళి, షాకు ఆగడం వాటి ఒంటికే తెలిసింది. అలా ఎన్నోసార్లు తెలిశాక లేచాయి.

ఇంకో సంగతి. షాకుని తప్పించుకోవడం ముందే ఒకసారి నేర్చుకున్న కుక్కకి, తర్వాత ఆ ఉత్తుత్తి పలకల జోలెలో పెట్టినా, 'ఏం చేసినా ఇంతే' జబ్బు అంటుకోలేదు. టీకా వేసినట్టు! అందుకే మీ అమ్మ "వాడికి గుండీలు పెట్టుకోవడం రాదు నాన్నా, నేనే పెట్టేస్తాను" అంటే నేను ఒప్పుకోను. పది నిమిషాలు పట్టనీ. ఆ ఒక్క గుండీ వాడే పెట్టుకోనీ.

మనుషుల మీదికి ఎప్పుడొచ్చిందీ అంటే, 1974లో డొనాల్డ్ హిరోటో అనే ఆయన కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి పెద్ద మోత వినిపించాడు. కొందరికి మోత ఆపే మీట పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. తర్వాత ఇంకో గదిలో, ఇంకో పరికరంతో, అందరికీ మోత ఆపే వీలిచ్చాడు. పనిచెయ్యని మీటతో కుస్తీపట్టినవాళ్ళలో చాలామంది రెండో గదిలో ప్రయత్నమే చెయ్యకుండా మోత వింటూ కూర్చున్నారు. అందరూ కాదు సుమా. మూడింట ఒక వంతు మంది మాత్రం డీలా పడలేదు. కుక్కల్లోనూ ఇంచుమించు అంతే. ఈ లొంగని మూడోవంతు సంగతేమిటన్నది తర్వాత చాలా పెద్ద ప్రశ్న అయింది. దాని దగ్గరికొస్తాను.

మోత అంటే గుర్తొచ్చింది. మన ఇంట్లో పెళ్ళికి మైకు పెడితే రాత్రి పన్నెండింటిదాకా మోగినా నిద్రొస్తుంది. అవతలి వీధిలో మోగితే తొమ్మిదింటికే తలనొప్పి. ఎందుకంటే మనింటి మైకు కట్టెయ్యమనడం మన చేతిలో ఉంది. కట్టెయ్యమనం, అయినా చేతిలో ఉంది. గ్లాస్, సింగర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే చూశారు. మోత మధ్య పనిచేసేవాళ్ళలో కొందరికి "కావాలంటే ఈ బొత్తాం నొక్కండి, మోత ఆగుతుంది, కానీ నొక్కకపోతే మాకు మేలు" అన్నారు. వాళ్ళు నొక్కలేదు. అదే మోత, అంతే మోత విన్నారు. అయినా తర్వాత ఇచ్చిన పనిలో మిగతావాళ్ళకన్నా బాగా చేశారు. బొత్తాం నొక్కడం కాదు, ఉందని తెలియడమే సగం బలం.

ఇప్పుడు మా బావ దగ్గరికి రానివ్వండి.

మా బావ మిరప వేసేవాడు. ఊళ్ళో అంతటి పనిమంతుడు లేడు. ఒక ఏడు బొబ్బర తెగులొచ్చి ఆకులన్నీ ముడుచుకుపోయాయి. మందు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, అప్పు చేసి కొట్టాడు. పోయింది. రెండో ఏడు పంట బాగుంది, కోసి కల్లంలో ఎండబోస్తే వేళకాని వేళ వాన కురిసి కాయంతా తాలైపోయింది. మూడో ఏడు కాయా బాగుంది, వానా రాలేదు, ధర పడిపోయింది. కోతకూలి కూడా గిట్టలేదు. మూడేళ్ళూ మనిషి చేసిన పనిలో లోపం లేదు చూడండి. పలక నొక్కుతూనే ఉన్నాడు. ఆ పలకే ఉత్తుత్తిది.

నాలుగో ఏడు తొలకరికి బావ పొలం వెళ్ళలేదు. వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, కానీ పదింటిదాకా లేవడు. గెడ్డం పెరిగింది. పలకరిస్తే "ఊఁ". ఎంత ఇష్టమైన మనిషొచ్చినా ముఖంలో వెలుగు లేదు. ఊళ్ళో కొందరు దిష్టి అన్నారు, కొందరు సోమరితనం అన్నారు. నేనేమన్నానో చెప్పడానికి ఇవాళ్టికీ మనసొప్పదు. "ఏంటి బావా, ఆడపిల్లలా దిగులు పడతావు, లే" అన్నాను. ఆడపిల్లలని చిన్నచూపు చూసిన మాటా అది, ఆయన్ని పొడిచిన మాటా అది. రెండూ తప్పే. కాలు విరిగినవాణ్ణి "పరిగెత్తు" అన్నట్టు.

అది సోమరితనం కాదు, డిప్రెషన్. తెలుగులో కుంగుబాటు అంటున్నారు, మంచి మాట. వానకి నానిన మట్టిగోడ లోపల్లోపల కుంగుతుంది చూడండి, బయటికి సున్నం తెల్లగానే ఉంటుంది. కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, ఒంట్లో సత్తువ లేనట్టుండటం, తాను దేనికీ పనికిరానని అనుకోవడం, చావు గురించిన ఆలోచనలు, ఇలాంటివి కొన్ని కలిసి వస్తే డాక్టర్లు ఆ పేరు పెడతారు. సెలిగ్‌మన్ తన కుక్కల్ని చూసి, ఈ రోగుల్ని చూసి, 1975లో ఒక పుస్తకమే రాశాడు. రెండుచోట్లా కదలిక తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది. కొత్త విషయం నేర్చుకోవడం కష్టమవుతుంది. దారి ఎదురుగా ఉన్నా కనపడదు. ఈ రెండూ ఒకే చెట్టు కొమ్మలేమో అన్నాడు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. డిప్రెషన్ అంతా నిస్సహాయత వల్లే వస్తుందని అనుకోకండి. కొందరికి వంశంలో ఉంటుంది. కొందరికి కాన్పు తర్వాత వస్తుంది. థైరాయిడ్ తేడా చేసినా అలాగే ఉంటుంది. ఏ కారణమూ కనపడకుండా కూడా వస్తుంది. ఊరికి పది దారులుంటాయి, నేను చెబుతున్నది అందులో బాగా నలిగిన ఒక దారి.

ఇక ఆ మూడోవంతు. ఇంగ్లండులో జాన్ టీస్‌డేల్ అనే మనస్తత్వవేత్త సెలిగ్‌మన్‌ని నిలదీశాడు, అందరూ ఎందుకు పడిపోవడం లేదయ్యా అని. సెలిగ్‌మన్ కోపం తెచ్చుకోలేదు. లిన్ అబ్రామ్‌సన్ అనే విద్యార్థినినీ, తప్పుపట్టిన టీస్‌డేల్‌నీ కూడా కలుపుకుని 1978లో తన సిద్ధాంతాన్ని తనే దిద్దుకున్నాడు. ఎంత పెద్దమనసో చూడండి. వాళ్ళు చెప్పిందేమిటంటే, దెబ్బ తగలడం కాదు, ఆ దెబ్బకి మనలో మనం చెప్పుకునే కారణం ముఖ్యం అని.

పోయిన నెల పెద్దోడికి లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయి కదా. నా దగ్గరకొచ్చి ఏమన్నాడు? "నాకు లెక్కలు రావు తాతయ్యా" అన్నాడు. ఆ చిన్న మాటలో ఎన్ని మూటలున్నాయో విప్పి చూద్దాం. తప్పు పరీక్షది కాదు, వాడిదే. 'రాలేదు' కాదు, 'రావు', అంటే ఇవాళే కాదు, ఎప్పటికీ. పైగా కాసేపయ్యాక "నాకేదీ రాదు" అన్నాడు. లెక్కల్లో పుట్టిన మంట తెలుగుకీ, సైన్సుకీ, క్రికెట్‌కీ కూడా పాకింది. నా వల్లే, ఎప్పటికీ, అన్నిట్లోనూ. ఈ మూడూ కలిస్తే మనిషి కుంగిపోయే అవకాశం ఎక్కువంటారు వాళ్ళు. మేమిద్దరం కాగితం ముందు పెట్టుకుని చూశాం. పోయిన మార్కులు దాదాపు అన్నీ భిన్నాల కూడికలోనే. కింది అంకెలు ఒకటి చెయ్యకుండానే వీడు కూడేస్తున్నాడు. "నాకు లెక్కలు రావు" అన్నదానికీ, "భిన్నాలు కూడేటప్పుడు కింది అంకె మర్చిపోతున్నాను" అన్నదానికీ ఎంత తేడా! మొదటిది కొండ, దాన్నేం చేస్తాం. రెండోది చెప్పులో రాయి. కూర్చుని దులుపుకోవచ్చు.

కానీ దీన్ని పట్టుకుని "అంతా నీ ఆలోచనలోనే ఉంది, మంచిగా ఆలోచించు" అని కుంగినవాళ్ళకి నీతులు చెప్పకండి. మా బావ విషయంలో తెగులూ, వానా, ధరా నిజంగా ఆయన చేతిలో లేవు. ఆయన తప్పుగా ఆలోచించలేదు. అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నప్పుడు ఆలోచన మార్చుకోమనడం న్యాయం కాదు. ఉత్తుత్తి పలకలు పెట్టే ఏర్పాట్లు కూడా మారాలి. గిట్టుబాటు ధర, పంట బీమా లాంటివి కూడా నా లెక్కలో మనసుకి మందులే.

ఇప్పుడు వినండి అసలు మలుపు. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఆ స్టీవెన్ మేయర్ ఉన్నాడే, ఆయన తర్వాత కొలరాడో వెళ్ళి, మెదడు శాస్త్రం కొత్తగా నేర్చుకుని, ఎలుకల మెదడు లోపల ఏం జరుగుతోందో దశాబ్దాలపాటు చూశాడు. చూసి చూసి, 2016లో సెలిగ్‌మన్‌తో కలిసి ఒక వ్యాసం రాశాడు. యాభై ఏళ్ళ కింద మేం చెప్పింది తిరగేసి చెప్పాం అని! నిస్సహాయత నేర్చుకునేది కాదట. అది పుట్టుకతోనే ఉంటుందట. కష్టం ఎడతెగకుండా సాగితే ముడుచుకుపోవడం, కదలకుండా పడుండటం ప్రాణి సహజ గుణం. మనం నేర్చుకునేది రెండోది, 'నా చేతిలో కొంత ఉంది' అన్నది.

మన కాలవ లాకుతో చెబుతాను. మెదడు అడుగున, కాండంలో, డోర్సల్ రాఫే అని ఒక చిన్న చోటుంది. అక్కణ్ణుంచి సెరటోనిన్ అనే రసం మెదడంతా పారుతుంది. సెరటోనిన్ అంటే సంతోషరసం అని పేపర్లలో రాస్తుంటారు, అంత తేలిక కాదు వ్యవహారం. ఏ కయ్యలో ఎంత పారిందన్నదాన్ని బట్టి ఉంటుంది దాని గుణం. కష్టం ఎడతెరిపి లేకుండా ఉంటే ఈ లాకు తెరుచుకుని పొంగి పారుతుంది. ఆ పారుదలకి భయం పెరుగుతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు. ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతటదే జరుగుతుంది. కానీ నుదుటి వెనకాల, లాకులు ఎత్తి దించే మనిషిలా, ఒక లస్కరు ఉన్నాడు. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగంలో ఉంటాడు. 'నేను పలక నొక్కాను, షాకు ఆగింది' అన్న కబురు ఈ లస్కరుకి అందితే, ఆయన గబగబా వెళ్ళి లాకు దించేస్తాడు. కబురు అందకపోతే లాకు తెరిచే ఉంటుంది.

ఇదంతా ఊహ కాదు. ఎలుకలకి ఆ లస్కరు ఉండే చోట మందు వేసి నిద్రపుచ్చారు. అప్పుడు షాకుని తమ చేత్తో ఆపుకున్న ఎలుకలు కూడా ఆపుకోలేని వాటిలాగే డీలా పడ్డాయి. చెయ్యి నెగ్గింది, కానీ కబురు అందుకునేవాడు లేడు! తిరగేసి, ఆపుకునే వీల్లేని ఎలుకల్లో ఆ చోటుని మందుతో మేల్కొలిపారు. అవి డీలా పడలేదు. నేనిది మొదటిసారి చదివిన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. మా బావనీ, ఇంకా ఎందరినో మేం "మెత్తనివాళ్ళు" అనుకున్నాం. వాళ్ళు కొత్తగా ఏదో చెడ్డది నేర్చుకోలేదు. ఒంట్లో పుట్టుకతో ఉన్నదే పైకొచ్చింది. వాళ్ళ లస్కరుకి కబురు అందలేదు, అంతే.

అలాంటి కబురు అందించడం నేనొకసారి కళ్ళారా చూశాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిందని మీకు చాలాసార్లు చెప్పాను. వేలమంది పోయారు. తర్వాత నాలుగైదు రోజులకి అవనిగడ్డ వైపు బియ్యం బస్తాలు పట్టుకెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. అప్పుడు నాకు మీసాలు సరిగ్గా రాలేదు. ఒక గట్టుమీద కొందరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది. పులిహోర పొట్లాలు చేతిలో పెట్టాం. చేతిలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మాతో వచ్చిన వంటావిడ, పెద్దావిడ, కాసేపు చూసి, ఒకామె దగ్గరికెళ్ళి "అమ్మా, నాకీ పొయ్యి అంటుకోవడం లేదు, కాస్త రాజెయ్యవూ" అంది. కట్టెలు తడిసున్నాయి, నిజమే. ఆమె చాలాసేపు అలాగే చూసింది. తర్వాత లేచి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదడం మొదలెట్టింది. పొగ వచ్చింది, ఆగింది, మళ్ళీ ఊదింది. మంట లేచాక, ఆ మంట చూసి ఒక్కసారిగా భోరుమంది. వంటావిడ మాత్రం "ఏడవనీ, ఏడవనీ" అని మమ్మల్ని పక్కకి తీసుకుపోయింది. ఆవిడ ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు.

బావకి ఇద్దరు సాయం చేశారు. ఒకరు పట్నంలో మానసిక వైద్యుడు. మాత్రలు రాశాడు. నాలుగైదు వారాలకి నిద్ర కుదుటపడింది. మాత్రల గురించి ఊళ్ళో నోటికొచ్చినట్టు మాట్లాడతారు, నమ్మకండి. బీపీకి మాత్ర వేసుకున్నట్టే ఇదీ. "ఎర్రగడ్డకి తీసుకెళ్ళాలేమో" అని అక్కడి మానసిక వైద్యశాల పేరెత్తి ఎకసెక్కాలాడేవాళ్ళుంటారు. ఆ మాట అనకండి. ఆ మాటకి జడిసే చాలామంది డాక్టరు గుమ్మం తొక్కరు. రెండో సాయం మా అక్కయ్యది. ఆయన భార్య, నాకు అక్క వరస. ఒక రోజు ఆయన అరచేతిలో నాలుగు బీరగింజలు పెట్టి, "నాకు నడుం వంగడం లేదు, పందిరి గుంజ దగ్గర గుచ్చి ఒక చెంబు నీళ్ళు పొయ్యి" అంది. ఆయన లేవలేదు. మర్నాడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. చెంబు చేతికిచ్చింది. ఆ కుక్క మెడ తాడు గుర్తుందిగా, అలా. మూడో రోజు వెళ్ళలేదు, నాలుగో రోజు వెళ్ళాడు. వారం తిరిగేసరికి మట్టి పగిలి మొలక తల ఎత్తింది. ఆ రోజు బావ తనంతట తానే రెండో చెంబు పోశాడట.

మూడెకరాల మిరప ఆయన మాట వినలేదు. ఒక చెంబు నీళ్ళకి బీరపాదు జవాబు చెప్పింది. లస్కరుకి కబురు వెళ్ళడానికి అంత చిన్నదైనా చాలు, కానీ అది నిజంగా మన చేత్తో జరిగినదై ఉండాలి. అమెరికాలో 1976లో లాంగర్, రోడిన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు వృద్ధాశ్రమంలో ఇలాంటిదే చేశారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఒక అంతస్తు వాళ్ళకి మొక్కలిచ్చి "మీరే చూసుకోండి" అన్నారు, ఇంకో అంతస్తులో నర్సులే నీళ్ళు పోశారు. తామే చూసుకున్నవాళ్ళు చురుగ్గా, హుషారుగా తయారయ్యారు. మన దేశంలో గోవాలో ఇంకా పెద్ద పని జరిగింది. విక్రమ్ పటేల్ అనే వైద్యుడూ, సంగత్ అనే సంస్థా కలిసి, డాక్టర్లు కాని మామూలు స్థానికులకి తర్ఫీదిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుంగిపోయినవాళ్ళతో మాట్లాడించారు. ఊరికే ఓదార్చడం కాదు, ఆ వారం చెయ్యగలిగే చిన్న పని ఒకటి కలిసి ఎంచుకోవడం, చేశాక మళ్ళీ మాట్లాడుకోవడం. ఆరు నుంచి ఎనిమిదిసార్లు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి అలా సాయం అందినవాళ్ళలో నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 39 మంది. మా అక్కయ్య బీరగింజలు గోవా దాకా వెళ్ళాయని నేను ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పుకుని తిరిగాను.

పెద్దోడా, ఆ గోడమీద కేలెండరు పక్కన ఒక నంబరు రాసి పెట్టాను చూడు, 14416. టెలీ మానస్. ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. నీ స్నేహితుల్లో ఎవరైనా పరీక్షలు పోయాయనో, ఇంకేదో అనో బతకడం దండగని ఎప్పుడైనా అంటే, నవ్వి ఊరుకోకు. పక్కన కూర్చో. ఆ నంబరు కలిపి ఫోను చేతికివ్వు. పెద్దవాళ్ళకి చెప్పు. నాకు చెప్పినా సరే, అర్ధరాత్రైనా సరే.

అదుగో, కోడి లేచింది. అమ్మమ్మ వడ్లగింజలు జల్లింది కదా, అటు కుంటుకుంటూ పోతోంది. కాళ్ళకి తిమ్మిరి వదిలినట్టుంది. చిన్నోడా, వెంటపడకు, దాని మానాన దాన్ని తిననీ.

చిక్కుడుకాయలు అయిపోయాయా? ఆ చాట లోపలికిచ్చి రండి. ఇవాళ కూర చిక్కుడు కాదులే, బావ పొద్దున్నే బీరకాయలు పంపాడు. ఏడు కాయలు. సంచిలో చీటీ కూడా పెట్టాడు, ఎప్పటిలాగే, పాదు మీద ఇంకా పదకొండు పిందెలున్నాయని.